పెట్టె కొలత

అచ్చుకూటమున కంపోజిటరు అక్షరములను కూర్చి బిగించిన పిమ్మట వేయి ప్రతులు తీసినను అన్నియు నొక్కరీతిగనే యుండును. వెబ్ పుట సంగతి యట్లు కాదు. దానిని వ్రాయువారు పంపునవి కూర్పునకు వలయు ఆజ్ఞలు మాత్రమే. వానిని చదివి పుటను కూర్చు పని చదువరి యంత్రములోని బ్రౌజరుది. కావున బ్రౌజర్లు ఎన్ని రకములో కంపోజిటర్లు నన్ని రకములు!

వెబ్‌ను 1989లో సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించెను. 1994లో నార్వే దేశీయుడగు హోకాన్ వియుమ్ లీ, పుటలోని విషయమును, దాని యలంకరణమును వేఱు చేయుటకు ఒక పద్ధతిని సూచించెను. అదియే సి.ఎస్.ఎస్. దాని మొదటి ప్రమాణము 1996 డిసెంబరులో వెలువడెను.

ఈ ప్రమాణము ననుసరించి పుటలోని ప్రతి యంశమును ఒక పెట్టె. నడుమ విషయము, దాని చుట్టును ఖాళీ, ఆ ఖాళీ చుట్టును అంచు ఉండును. తెఱపై కొలతకు పిక్సెలు అను చిన్న చుక్క ప్రమాణము. వెడల్పు 300 పిక్సెళ్లని వ్రాసినచో అది విషయమునకే చెందును. ఇరువైపుల ఖాళీ 20 చొప్పునను, అంచు 5 చొప్పునను చేర్చగా పెట్టె మొత్తము 350 అగును. కాని విండోస్ యంత్రములలోని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు 5 ఆ 300లోనే అంచును, ఖాళీని ఇమిడ్చి, విషయమునకు 250 మాత్రమే మిగిల్చెడిది. ఆ బ్రౌజరును మాత్రమే చూచుకొని ఒకరు 600 పిక్సెళ్ల స్థలమున రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన అమర్చిరనుకొందము. ప్రమాణమును పాటించు బ్రౌజరులో వానికి 700 కావలెను. చోటు చాలక రెండవ పెట్టె క్రిందికి జాఱును, పుట చెదరును.

ఇట్టి చిక్కులవలన కొందఱు తమ పుటలపై "ఈ పుటను ఫలానా బ్రౌజరుతోనే చూడుడు" అని వ్రాసిరి. అందఱికిని తెఱచియుండవలసిన గ్రంథాలయపు ద్వారమున కొందఱిని నిలిపివేసినట్లయ్యెను.

ఈ యవస్థను తొలగించుటకు 1998లో 'వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్' అను సంఘ మేర్పడెను. బ్రౌజర్లకు పరీక్షలును పెట్టిరి. 2005లో వెలువడిన రెండవ 'యాసిడ్' పరీక్ష వినోదకరమైనది. ఆజ్ఞలను సరిగా పాటించిన బ్రౌజరులో నవ్వుమొగము కనబడును. పాటింపనిచో ఆ మొగము వికృతమగును. 2001లో వెలువడిన ఎక్స్‌ప్లోరరు 6, పుట మొదట తగిన ప్రకటన యున్నచో, ప్రమాణపు కొలతనే పాటించెను.

ఇందొక విశేషము కలదు. అంచుతో సహా కొలుచు పాతపద్ధతియే లెక్కకు సులువని పలువురు గుర్తించిరి. అందుచే 'బాక్స్-సైజింగ్' అను ఆజ్ఞను సి.ఎస్.ఎస్.లో చేర్చిరి. ఏ కొలత కావలెనో వ్రాయువారే దానితో తెలుపవచ్చును; బ్రౌజర్లన్నియు దానిని ఒక్కరీతిగ గ్రహించును. ఆ కొలతలో దోషము లేదు. తక్కినవారితో ఒడంబడిక లేకపోవుటయే దోషము. సంతలో ఒక్కొక్క యంగడికి ఒక్కొక్క మానిక యున్నచో, ఎవరును మోసము చేయకున్నను, కొనువాడు నష్టపడక తప్పదు.