నల్ల తామర పురుగు: మిర్చి వర్తకులు చూడవలసింది పూతను

గుంటూరు: మిర్చి దిగుబడి అంచనాకు ఆకును చూస్తే చాలదని 2021 సీజను వర్తకులకు నేర్పింది. ఆ ఏడు నల్ల తామర పురుగు ఆంధ్ర, తెలంగాణ తోటల్లో పూతను రాల్చివేయగా దిగుబడి బాగా తగ్గింది.

థ్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ కీటకం ఆగ్నేయాసియాకు చెందినది. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరు వద్ద బొప్పాయిపై బయటపడింది. మనకు తెలిసిన పాత తామర పురుగు లేత పసుపుది. ఆకు రసం పీల్చి పై ముడత తెస్తుంది. కొత్తదానిలో ఆడపురుగు నలుపు చాయది, సుమారు మిల్లీమీటరు పొడవు. పూలలో గుంపుగా చేరుతుంది. పిల్ల పురుగులు ఆకు అడుగున ఉంటాయి. పూత రాలుతుంది, నిలిచిన కాయ వంకర తిరుగుతుంది. జాతిని రూఢిగా తేల్చేది సూక్ష్మదర్శిని, డి.ఎన్.ఏ. పరీక్షలే.

అయితే తోటలో దీని జాడ పట్టడం తేలికే. పూలను తెల్ల కాగితంపై దులిపి పురుగులను లెక్కించాలి. నీలిరంగు జిగురు అట్టలు కట్టి, వాటిపై పడినవాటిని వారం వారం చూడాలి.

యార్డుకు రాబడులు ముమ్మరమయ్యేది ఫిబ్రవరి–ఏప్రిల్ నెలల్లో. కనుక రైతులకు అడ్వాన్సులిచ్చే కమిషన్ వ్యాపారులు, శీతల గిడ్డంగుల్లో సరుకు ఉంచినవారు నవంబరు, డిసెంబరు పూతను విచారించుకోవడం మేలు. పచ్చగా కనిపించే తోటలోనూ కాయ ఉండకపోవచ్చు.