చంటిపిల్లలకు ఆధార్ కార్డు

మన హాస్టలు మిత్రులలో చాలామంది పుట్టినరోజు జూన్ నెలలోనే ఉంటుంది. బడిలో చేర్చుకునేనాడు మాస్టారు వేసిన తేదీ అది! అమ్మకు గుర్తున్నది వరినాట్లప్పుడు పుట్టామన్నదే. ఇప్పటి పిల్లలకు అలా కుదరదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి ఆధార్‌లో పుట్టిన తేదీ వేయాలంటే జనన ధృవపత్రమే చూపాలి. కనుక కార్డు పని మొదలయ్యేది ఆధార్ కేంద్రంలో కాదు, జననం నమోదు చేసే చోట.

మా అక్క కూతురికి కార్డు తీయించే పని, ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాణ్ణి కనుక, నాకు పడింది. ఆసుపత్రి నుంచి వచ్చిన పత్రంలో తల్లిదండ్రుల పేర్లున్నాయి, పాప పేరు లేదు. ఇది చాలామందికి జరిగేదే. పేరు పెట్టకముందే నమోదు అయిపోతుంది మరి. ఏడాది లోపు ఉచితంగా, ఆ తరువాత పదిహేనేళ్ళ వరకు రుసుముతో పేరు చేర్పించుకోవచ్చు. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగానా పొడి అక్షరమా, ఇంగ్లీషులో ఏ స్పెల్లింగు అన్నది అప్పుడే తేల్చుకోవాలి. రేపు పదవ తరగతి మెమోలో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే స్కాలర్‌షిప్ ఆగుతుంది. ఆ బాధ మనకు చెప్పనక్కరలేదు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకునే వీలుంది.

అయిదేళ్ళ లోపు పిల్లలకు వేలిముద్రలు, కనుపాపలు తీసుకోరు. ఫొటో ఒక్కటే. తల్లి లేదా తండ్రి తన ఆధార్‌తో వెళ్ళి వేలిముద్ర వేయాలి. కూలి చేసి అరిగిన వేళ్ళు ఒక్కోసారి పడవు. అప్పుడు కనుపాపతో చూడమని అడగండి. నమోదుకు డబ్బు కట్టనక్కరలేదు. ఆపరేటరు ఇంగ్లీషులో కొడితే తెలుగు పేరు యంత్రమే వేస్తుంది, వింత పేర్లు వస్తుంటాయి. అమ్మానాన్నలు చదవలేకపోతే సెలవుల్లో మీరే వెంట వెళ్ళి, తెర మీద రెండు భాషల్లోనూ చదివాకే సరేననండి.

వచ్చేది నీలం రంగు కార్డు. అయిదేళ్ళు నిండాక వేలిముద్రలు, కనుపాపలు ఇవ్వాలి. ఏడేళ్ళ లోపు ఇస్తే రుసుము లేదు, అశ్రద్ధ చేస్తే కార్డు పనిచేయకుండా పోవచ్చు. పదిహేనేళ్ళకు మళ్ళీ ఇవ్వాలి.

ఇది పౌరసత్వానికి రుజువు కాదు. కార్డు లేదని బడిలో చేర్చుకోకపోవడమూ కుదరదు. 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఎవరైనా వెనక్కి పంపితే ఈ తేదీ చెప్పండి.

కేంద్రంలో ఇచ్చే రశీదు మీద నమోదు సంఖ్య ఉంటుంది. కార్డు ఇంటికి రాకపోతే వెతకడానికి అదే ఆధారం. రేషన్ కార్డు దాచే కవరులోనే దాన్నీ పెట్టించండి.