మీకు తెలుసా? పాత ప్లేటు పుట్టుపూర్వోత్తరాలు

1902లో ఎన్రికో కరూసో పాడిన 'సెలెస్తే ఆయిదా' గ్రామఫోన్ ప్లేట్లు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే లేబుళ్ల మీద తేడా ఏమీ ఉండకపోవచ్చు. అదే గాయకుడు, అదే పాట, అదే కేటలాగు నంబరు 52369. కానీ ఒకటి ఏప్రిల్‌లో పాడింది, ఇంకొకటి అదే ఏడాది చివర్లో మళ్లీ పాడింది. గ్రామఫోన్ కంపెనీ రెండో దానికీ పాత నంబరే తగిలించి అమ్మేసింది. మరి ఏది ఏదో తెలిసేదెలా? ప్లేటును దీపం కింద కాస్త వాల్చి పట్టుకోవాలి. గాళ్లు ముగిసిన చోటికీ లేబుల్‌కూ మధ్య నున్నటి జాగాలో సన్నటి అంకెలు కనిపిస్తాయి. అదే మేట్రిక్స్ నంబరు, అంటే అచ్చు నంబరు. ఏప్రిల్ పాటకు 1784, రెండోసారి పాడినదానికి వేరే అంకె. పాత ఒపెరా రికార్డుల జాబితా రాసేవాళ్లు ముందుగా నమ్మేది ఈ అంకెనే. లేబుల్ అమ్మకానికి అంటించిన కాగితం, అచ్చు నంబరు ఆ పాట పుట్టిన రోజే పడ్డ ముద్ర.

అమెరికా విక్టర్ కంపెనీ ప్లేట్లతో ఈ పప్పులుడకవు. ఆనాటి విక్టర్ ప్లేట్ల మీద అచ్చు నంబరు సాధారణంగా కనిపించదు, ఎన్నోసారి పాడిన టేకో చెప్పే చిన్న అంకె మాత్రం ఉంటుంది. అందుకని కంపెనీ లెడ్జర్లు తిరగేయాల్సిందే. కరూసో 'వెస్తి లా జుబ్బా' ప్లేటు 88061ను లెడ్జర్‌తో కలిపి చూస్తే అచ్చు నంబరు సి-4317, తేదీ 1907 మార్చి 17 అని తేలుతుంది. ఆ లెడ్జర్లు మిగలడం మన అదృష్టం. వాటి సమాచారం ఇప్పుడు శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే రికార్డుల జాబితాలో ఎవరైనా చూసుకోవచ్చు.

గ్రామఫోన్ కంపెనీ తొలినాటి కేటలాగు నంబరు చూసి, ప్లేటు వినకుండానే సగం సంగతి చెప్పొచ్చని తెలుసా? 52తో మొదలైతే ఇటాలియన్ పాట, పాడింది మగవాడు. 53 అయితే ఇటాలియన్, స్త్రీ గొంతు. 54 అయితే ఇద్దరు ముగ్గురు కలిసి పాడినది. 42 జర్మన్, 32 ఫ్రెంచి, 22 రష్యన్, అన్నిట్లోనూ చివరి 2 మగవాడికే. ముందు సున్నా చేరితే, అంటే 052 అయితే, 12 అంగుళాల పెద్ద ప్లేటు. ఒక వరుసలో అంకెలు నిండిపోతే ముందు '2-' చేర్చి మళ్లీ మొదలుపెట్టేవారు. కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో ఇంత పకడ్బందీగా ఆలోచించిన గుమస్తాలకు దండం పెట్టాలి.

కరూసో తొలి ప్లేట్లు రికార్డు చేసింది ఫ్రెడ్ గైస్‌బర్గ్. మిలాన్‌లోని గ్రాండ్ హోటల్ గదిలో, ఒక మధ్యాహ్నం, పది పాటలు, వంద పౌండ్లు. ఇది మార్చి 18న జరిగిందని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత పరిశోధకులు కూర్చుని ఏప్రిల్ 11 అని తేల్చారు. మూడు వారాల తేడాకు అంత శ్రమా అనిపించవచ్చు. కానీ గాయకుడి గొంతు ఎప్పుడు ఎలా ఉందో చెప్పాలంటే తేదీలే ఆధారం.

అదే గైస్‌బర్గ్ అదే 1902 నవంబరులో కలకత్తాలో దిగి గాయని గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట చివర ఆమె ఇంగ్లీషులో తన పేరు చెప్పుకోవడం ఆ ప్లేట్లలో వినిపిస్తుంది. అచ్చు వేసేది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడివాళ్లకు ఏ పాట ఎవరిదో తెలియాలి కదా. ఆ రోజుల్లో మన దేశపు గాయనుల ప్లేట్లకు 13తో మొదలయ్యే నంబర్లు పడ్డాయి. చివరి 3 ఇక్కడా స్త్రీకే!

అన్నిటికన్నా తలనొప్పి వ్యవహారం వేగం. వీటిని '78' ప్లేట్లు అంటాం గానీ, తొలి రోజుల్లో నిమిషానికి కచ్చితంగా 78 చుట్లు తిరిగేలా రికార్డు చేసినవి తక్కువే. కొన్ని డెబ్బై దగ్గర, కొన్ని ఎనభై దాటి ఉంటాయి. ఫ్రాన్సుకు చెందిన 'పాతే' కంపెనీవి 90 దాకా పోతాయి, పైగా ఆ తొలి ప్లేట్లలో ముల్లు లోపలి నుంచి బయటికి నడుస్తుంది. 73.6 చుట్ల దగ్గర పాడినదాన్ని 78 దగ్గర తిప్పితే శ్రుతి అర మెట్టు పెరుగుతుంది, నడక కూడా వేగం అవుతుంది. సరే, స్వరలిపి పుస్తకం తీసి, ఆ పాట ఏ శ్రుతిలో ఉండాలో చూసి వేగం సరిచేద్దామంటే అక్కడ ఇంకో మెలిక. టెనర్ గాయకులు పై స్థాయి అందని చోట పాటను అర మెట్టో ఒక మెట్టో దించి పాడేవారు. వెర్ది 'ఇల్ త్రొవాతొరె'లోని 'ది క్వెల్లా పీరా'ను అలా దించినవాళ్లకు లెక్కలేదు. నేపుల్స్ గాయకుడు ఫెర్నాండో డి లూచియా విషయంలో ఈ వాదన దశాబ్దాల తరబడి సాగింది. ఆయన ప్లేట్లను 78 దగ్గర వింటే గొంతు పలచగా, గమకం వణుకులా వినిపిస్తుంది. తగ్గించి వింటే అదే గొంతు నిండుగా, తీరిగ్గా పలుకుతుంది. పొరపాటు వేగంలో విని ఒక మహాగాయకుణ్ని తీసిపారేసిన శ్రోతలు ఎందరో అనుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. రికార్డుల జాబితాలో వేగానికీ శ్రుతికీ ఒక గడి ఉండాలని పట్టుబట్టేది ఇందుకే.

ఆ డి లూచియానే వాగ్నర్ జర్మన్ ఒపెరా 'లోహెన్‌గ్రిన్' పాటలను ఇటాలియన్‌లో పాడాడు. లేబుల్ మీద ఇటాలియన్ పేరే ఉంటుంది. జాబితాలో జర్మన్ మూలం పేరు కూడా చేర్చకపోతే వెతికేవాళ్లకు ఆ ప్లేటు దొరకదు.

1903, 1904లో ఇటలీలో వెర్ది ఒపెరా 'ఎర్నాని'ని రికార్డు చేసినప్పుడు అది 40 ప్లేట్లయింది. ఒక్కో ప్లేటుకు ఒకవైపే పాట! ఇలాంటి సెట్టులో ఒక్క ప్లేటు పగిలినా కథ మధ్యలో తెగుతుంది.

పారిస్ ఒపెరా భవనం నేలమాళిగలో 1907 డిసెంబరు 24న 24 ప్లేట్లను లోహపు పెట్టెల్లో పెట్టి, నూరేళ్ల దాకా తెరవొద్దని సీలు వేశారు. 1912లో మరికొన్ని పెట్టెలతో పాటు ఒక గ్రామఫోనునూ చేర్చారు. ప్లేట్లు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గాజు పలకలు అమర్చారు. నూరేళ్లు నిండాక ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయం వాటిని తెరిపించింది, ఆ పాటలు 2009లో సీడీలుగా వచ్చాయి. భావితరాలు వింటాయని నమ్మి దాచినవాళ్లను తలుచుకుంటే మనసు నిండిపోతుంది.

ఈ ప్లేట్లన్నిటికీ జిగురు మన లక్కే. మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై లక్క పురుగులు కట్టే గూడు నుంచి తీసిన లక్కలో రాతిపొడి, నల్లరంగు కలిపి అచ్చు వేసేవారు. మిలాన్‌లో పాడిన పాట నిలిచింది భారతదేశపు అడవి సరుకు మీద. రెండో ప్రపంచయుద్ధంలో ఆ సరుకు అందక 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకాన్ని బాగా కోసేసింది. కొత్తవి అచ్చు వేయడానికి పాత ప్లేట్లు కొని కరిగించారు. ఏయే గొంతులు ఆ కొలిమిలో పోయాయో!

లక్క కాబట్టే ఒక జాగ్రత్త. మీ ఇంట్లో పెట్టెలో ఒపెరా కాదు, పద్యనాటకాల ప్లేట్లే ఉన్నా సరే, స్పిరిట్‌తో తుడవకండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, గాళ్లు పోతాయి. పొడిగుడ్డతో దుమ్ము దులిపి, నిలువుగా పేర్చండి. లేబుల్ మీది నంబరుతో పాటు నున్నటి జాగాలోని అంకెలు కూడా అక్షరం పొల్లుపోకుండా నోటు పుస్తకంలో రాసిపెట్టండి.