కరగకూడని ఇనుము

తొమ్మిదో తరగతి పిల్లాడొకడు చేలో దొరికిందంటూ నల్లరాయి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ఒళ్లంతా బుడగల చిల్లులు, ఒకపక్క పాకం కారి గడ్డకట్టినట్టు చారలు. ఇనుప చిట్టెం!

"ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలన్నారు కదా సార్. తోలు తిత్తులతో అంత వేడి ఎట్లా వచ్చింది?"

రాలేదు. రానక్కర్లేదు కూడా. ఆ కొలిమిలో నాకు నచ్చేది అదే.

ఇప్పుడు మన ఏలూరు జిల్లాలో ఉన్న నూజివీడుకు దగ్గరే రమణక్కపేట. అక్కడి ఇనుప కొలుముల గురించి ఈస్టిండియా కంపెనీ వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హైన్ 1795లో రాసిపెట్టాడు.

ఇలాంటి కొలిమి అంటే మట్టితో నిలువుగా కట్టిన పొయ్యి. పైనుంచి బొగ్గు, నలగ్గొట్టిన ఇనుపరాయి పోస్తారు. అడుగున మట్టిగొట్టం, దానికి జంట తిత్తులు. ఒకటి ఊదుతుంటే రెండోది గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఊపిరి తెగదు. బొగ్గు మండి పుట్టిన కార్బన్ డయాక్సైడు ఎర్రటి నిప్పుల మధ్య నుంచి పైకి పోతూ ఇంకో కార్బన్‌ను కలుపుకుని కార్బన్ మోనాక్సైడు అవుతుంది. దానికి ఆక్సిజన్ ఆకలి. రాయిలో ఇనుమును పట్టుకున్న ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. అందుకు 800 డిగ్రీలు దాటితే చాలు, ఇనుము ఘనంగానే ఉంటుంది. కరగాల్సింది రాయిలోని ఇసుక. అది కొంత ఇనుప ఆక్సైడుతో కలిసి 1200 డిగ్రీల దగ్గర చిట్టెమై కారిపోతుంది. అంటే కొంత ఇనుమును చిట్టేనికి వదులుకోవాల్సిందే. పిల్లాడు తెచ్చిన రాయి అంత బరువుండటానికి కారణమదే.

చివరికి మిగిలేది స్పాంజిలాంటి ముద్ద. సమ్మెటతో బాదితే లోపల ఇరుక్కున్న చిట్టెం బయటికి చిమ్ముతుంది, ఇనుము గట్టిపడుతుంది.

ఇంకా గట్టిగా ఊదితే? వేడెక్కిన కొద్దీ ఇనుము బొగ్గును తాగేస్తుంది. కార్బన్ 4.3 శాతానికి చేరితే 1150 డిగ్రీలకే నీరవుతుంది. అది పోత ఇనుము, సమ్మెట దెబ్బకు పగిలిపోతుంది. దాంతో కొడవలి సాగదీయలేం. మంట రంగు చూసి తిత్తిని అదుపు చేసే మనిషి ఆ రెండు అంచుల మధ్య నడవాలి. థర్మామీటరు లేని రోజుల్లో ఇంతకు మించిన పనితనం నాకు తెలియదు.

ఐరోపా బ్లాస్ట్ ఫర్నేసుది ఎదురుదారి. ముందు కావాలనే కరిగించి, తర్వాత కార్బన్ తీసేయడం. 1709లో అబ్రహాం డార్బీ కట్టెబొగ్గు మాని కోక్‌తో ఇనుము తీశాక అడవుల మీద ఆధారపడే పని తప్పింది. ఇక్కడ మాత్రం హైన్ వచ్చేసరికే రమణక్కపేట కరువుతో చితికిపోయి ఉంది. ఆ కరువుకు ముందు 40 కొలుములుండేవట. తర్వాత ఐరోపా నుంచి సీమ ఇనుము చవగ్గా దిగింది.

పిల్లాడు ల్యాబు నుంచి అయస్కాంతం తెచ్చి రాయంతా రాశాడు. ఒక మూల అంటుకుంది.

"ఇదీ ఇనుమేనా సార్?"

ఇనుమే. సమ్మెట దాకా చేరని చుక్క.