బాయి పని మగపని అని ఎవరన్నారు?

మా గోలేటిలో పొద్దు ఫస్ట్ షిఫ్ట్‌తోనే మొదలైతది. నాన్నకు టిఫిన్ సర్ది ఇచ్చేది నేనే. కానీ బాయిలో ఏం జరుగుతదని అడిగితే ‘ఆడపిల్లకు ఆ ముచ్చట ఎందుకే?’ అనేది నానమ్మ.

టెన్త్ అయ్యాక మైనింగ్ డిప్లొమా చదువుతానన్నాను. క్వార్టర్ల లైనంతా నవ్వింది. ‘బిడ్డా, తట్టా చెమ్మస్ పడతవా?’ అన్నాడు పక్కింటి మామ. అమ్మ భయం వేరు: ‘మగోళ్ల మధ్య పనిచేసే పిల్లకు సంబంధాలు వస్తయా?’

తమ్ముడిది ఇంకో కథ. వాడికి చీకటంటే భయం, వంటంటే ప్రాణం. హోటల్ మేనేజ్‌మెంట్ అంటే, ‘మొగపిల్లగానివి, గరిటె పడతవా?’ అని గదమాయించారు. ఇష్టమున్న నన్ను ఆపారు, భయమున్న వాడిని తోశారు.

ఇంతకీ బాయి ఎప్పుడూ మగవాళ్లదేనా? కాదు. ఒకప్పుడు రాణిగంజ్, ఝరియా గనుల్లో ఆడవాళ్లు భూగర్భంలోకి దిగి బొగ్గు మోసేవాళ్లు. 1929లో నిబంధనలు తెచ్చి దశలవారీగా ఆపేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో కూలీలు చాలక 1943లో మళ్లీ దించారు. అవసరం తీరాక 1946లో మళ్లీ పైకి పంపారు. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆ తలుపు గట్టిగా మూసింది. 2019లో కేంద్రం సడలింపు ఇచ్చింది: టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజర్ పనులకు పగటిపూట మహిళలు భూగర్భంలోకి దిగొచ్చని. 2021లో ఆకాంక్ష కుమారి జార్ఖండ్‌లోని చూరి భూగర్భ గనిలో మైనింగ్ ఇంజినీర్‌గా చేరింది.

బొగ్గు అదే, చీకటి అదే. మారింది రూలు ఒక్కటే. అంటే ‘ఆడపని, మగపని’ అనే గీతను గీసింది మనుషులే కదా!

నాన్నను అడిగితే ఒకటే మాట అన్నాడు: ‘కప్పు కూలితే కింద ఉన్నది మొగోడా, ఆడదా అని చూడదు బిడ్డా. పని తెలుసా లేదా, అంతే.’ ఆ మాటతోనే కాలేజీలో చేరాను.

ఇప్పుడు ఫైనలియర్. మొన్న ఒక సంబంధం వచ్చింది. ‘ఉద్యోగం చేయొచ్చు, కానీ ఆఫీసులోనే’ అని వాళ్ల కండిషన్. 2019 సడలింపులో నాకు బాగా నచ్చిన నిబంధన గుర్తొచ్చింది: మహిళను గనిలో పనికి పెట్టాలంటే ఆమె రాతపూర్వక అంగీకారం ఉండాలని. సర్కారు కూడా అడిగింది. ఇంట్లో మాత్రం ఎవరూ అడగరు.

ఈసారి అడగకముందే చెప్పాను, ఆ సంబంధం వద్దని. అమ్మ ఇంకా మాట్లాడట్లేదు. తమ్ముడు మాత్రం రాత్రి నాకిష్టమైన పప్పుచారు పెట్టాడు.