బడి పేరిట ఎడబాటు: నేరస్థ జాతుల చట్టము – ఎరుకల పిల్లలు

ఆస్ట్రేలియా ఆదిమవాసుల బిడ్డలను అధికారులు తల్లిదండ్రులనుండి బలవంతముగా గొనిపోయి మిషను వసతిగృహములలోను, తెల్లవారి యిండ్లలోను పెంచిన వృత్తాంతమును 1997 నాటి విచారణ నివేదిక లోకమునకు వెల్లడించెను. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. అట్టి యధికారమునే మన మదరాసు రాజధానియందును ఒక శాసనము ప్రభుత్వమునకు గట్టబెట్టియుండెనని యెరిగినవారు అరుదు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టము మొదట ఉత్తర హిందూస్థానమునకే పరిమితము. నాలుగేండ్లు మొదలు పదునెనిమిదేండ్ల లోపు పిల్లలను వేరుచేసి యుంచుటకు 1897 సవరణ వీలు కల్పించెను. 1911లో ఈ చట్టము మదరాసు రాజధానికి వచ్చెను. నాడు బళ్లారి అందలి జిల్లాయే. 1924 చట్టము నందలి 17వ సెక్షను మరింత స్పష్టము. ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తల్లిదండ్రులనుండి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలలలో నుంచవచ్చును. బిడ్డ నేరము చేసియుండ నక్కరలేదు. పుట్టిన జాతియే చాలును. ఇందు 'పాఠశాల' యను మాట వాడుట ఉపాధ్యాయుడనైన నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది.

తెలుగునాట ఈ చట్టమునకు గురియైనవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వారినే కన్నడసీమలో కొరచలు, కొరమలు అందురు. వారి యింటిభాష కుర్రు, తమిళమునకు చేరువైనది. పూర్వము వారు గాడిదలపై, ఎద్దులపై ఉప్పును, ధాన్యమును కోస్తానుండి లోనాడులకు మోసి బేరము చేసెడివారు. రైలుదారులు వచ్చి, ఉప్పుపై సర్కారు గుత్తాధికారము బిగిసిన పిదప ఆ బేరము చెడెను. బేరము చెడినవాని సంచారము పోలీసుల కంటికి దొంగతనముగా దోచెను.

1913–14 ప్రాంతమున బాపట్ల చెంత స్టువర్టుపురము వెలసెను. దాని నిర్వహణము సాల్వేషను ఆర్మీది. పేరు మదరాసు కార్యనిర్వాహక సభ్యుడు హరాల్డు స్టువర్టుది. సీతానగరము, కావలి, సిద్ధాపురములందును సెటిల్మెంటులు ఏర్పడెను. హాజరు చెప్పవలెను, పాసు లేనిదే పొలిమేర దాటరాదు. పెద్దలు మారరు, పిల్లలనైన దక్కించుకొందమని నిర్వాహకుల తలంపు. పిల్లలకు అక్షరములు వచ్చెననుట నిజమే, దానిని కాదనను. అయితే వెదురు చీల్చుట, బుట్ట యల్లుట, ఇంటిభాష – ఇవి పెద్దల ప్రక్కన గూర్చున్నగాని రావు.

మదరాసులో ఈ చట్టము 1947లోనే పోయెను. అనంతశయనం అయ్యంగారి సంఘము విచారణ జరిపిన పిమ్మట 1952 ఆగస్టు 31న దేశమంతట రద్దయ్యెను. మరుసటి యేడు అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఆంధ్రమునకు, బళ్లారి మైసూరునకు చేరెను. నేడు ఆవల ఎరుకలు షెడ్యూల్డు తెగ. ఈవల కొరచలు, కొరమలు షెడ్యూల్డు కులము. చుట్టరికము ఎల్ల దాటును, సర్టిఫికెట్టు దాటదు.

మా ప్రవేశపట్టికలో 'మాతృభాష' యను గడి యొకటి గలదు. అందు వారు తెలుగనియో కన్నడమనియో వ్రాయింతురు. కుర్రు అని వ్రాయించిన తండ్రిని నేనింతవరకు చూడలేదు. విరామవేళ చెట్టుక్రింద పిల్లలు ఆ భాషలో మాటలాడుకొనుట మాత్రము వినియున్నాను.