కల్పిత రంగస్థలమున క్రీడాపోటీలు
— పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు —

సాయంవేళ రచ్చబండ చుట్టు చేరి, యువకులు చేతిలోని ఫోనుపై ఆటలాడుట నేడు ప్రతి గ్రామమునను కన్పించు దృశ్యము. అట్టి ఆటలలో కొన్ని నియమబద్ధములైన పోటీలుగా రూపొంది, ఇ-స్పోర్ట్స్ అను పేర దేశదేశముల వ్యాపించినవి. 2023లో చైనాలోని హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో వీనికి పతకములు కూడ ఒసగబడినవి. ఇప్పుడు వర్చువల్ రియాలిటీ అను మరియొక సాధనము ఈ రంగమున ప్రవేశించినది. రేపు ఏ యువజన సంఘమో, ఏ వ్యాపారియో వచ్చి, ఇట్టి ఆటల కొరకు పంచాయతీ భవనములో ఒక గది ఇమ్మని కోరవచ్చును. అప్పుడు సభ్యులు ఔనన్నను, కాదన్నను, విషయమెరిగి చెప్పవలెను. అందులకే ఈ వివరణ.

సాధనము ఎట్టిది?

తీర్థములలో రంగుల బొమ్మల పెట్టెకు కన్నానించి కాశీపట్టణమును చూచిన పెద్దలు మన గ్రామములలో ఇంకను కలరు. వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ కూడ కంటికి ఆనించు పెట్టెయే. అయితే ఇది తలకు తగిలించుకొనునది. లోపల ఒక్కొక్క కంటికి ఒక్కొక్క కటకమును, వాని ముందు చిన్న తెరలును ఉండును. రెండు కన్నులకు ఇంచుక భేదము గల బొమ్మలు చూపుటచే దృశ్యమునకు లోతు కలుగును. తల త్రిప్పినచో, పెట్టెలోని సూక్ష్మయంత్రములును కెమెరాలును ఆ కదలికను పసిగట్టి, దృశ్యమును తదనుగుణముగ మార్చును. సెకండునకు 72 మొదలు 120 మారుల వరకు బొమ్మ మారుచుండును. చేతులలోని పరికరములు చేతుల కదలికను తెలుపును. ఇందువలన, గదిలో నిలిచియున్న ఆటగాడు తాను మైదానము నడుమ నున్నట్లే భావించును.

తొలి పోటీల అనుభవము

ఈ హెడ్‌సెట్లు 2016లో బజారులోనికి వచ్చినవి. మరుసటి సంవత్సరమే వానితో పోటీలు ఆరంభమైనవి. అందు ఎకో అరీనా అను ఆట మిక్కిలి పేరొందినది. భారరహితమైన శూన్యములో తేలియాడుచు, రెండు జట్లవారు ఒక చక్రమును విసరుకొని ఎదుటివారి గోలులో వేయుటయే ఆ ఆట. 2019లో ఇంగ్లాండులోని లెస్టరు నగరమున వి.ఆర్. లీగు తుది పోటీలు జరిగినవి. సంవత్సరముల తరబడి సాధన చేసి ఆరితేరినవారు ఎందరో ఉండిరి. కాని ఆటకు యజమానియైన మెటా సంస్థ 2023 ఆగస్టు 1వ తేదీన దానిని మూసివేసినది. ఆటగాళ్లు ఉన్నారు, వారి నేర్పు ఉన్నది. ఆడుటకు మైదానము మాత్రము లేకపోయినది.

ఇది మనము శ్రద్ధగా గమనింపవలసిన సంగతి. చెడుగుడుకు యజమాని లేడు. నేలపై గీత గీసినచో ఎచ్చటనైనను ఆడవచ్చును. కల్పిత రంగమందలి ఆటకు నేలయు, గీతయు, కొలతలును సమస్తము ఒక సంస్థ సొత్తే. ఈ చిక్కు తీరునంతవరకు ఇట్టి క్రీడల భవిష్యత్తు స్థిరపడజాలదని మా అభిప్రాయము.

దేహమునకు పని చెప్పు ఆటలు

అట్లని ఈ సాధనమును తీసివేయరాదు. కూర్చుండి మీటలు నొక్కు ఆటలకును దీనికిని గొప్ప భేదము కలదు. ఇందు దేహము కదలవలెను. 2023 జూనులో సింగపూరున జరిగిన ఒలింపిక్ ఇ-స్పోర్ట్స్ వారోత్సవములో టైక్వాండో పోటీ ఈ పద్ధతిని జరిగినది. క్రీడాకారులు అవయవములకు కదలికను గ్రహించు పరికరములు ధరించి నిజముగనే కాలు విసరుదురు. దెబ్బ మాత్రము తెరలోని ప్రతిరూపమునకు తగులును. ఒకరినొకరు తాకరు కనుక స్త్రీపురుషులు ఒకే పోటీలో పాల్గొనవచ్చును. 2024 నవంబరులో ఈ పద్ధతికి ప్రత్యేకముగ ప్రపంచ పోటీలు కూడ సింగపూరుననే జరిగినవి. ఇట్టి ఆటలకు నియమములు నిర్ణయించునది వ్యాపార సంస్థ గాక క్రీడా సమాఖ్య. కనుక ఇవి నిలుచుటకు అవకాశము హెచ్చు. మన హైదరాబాదునందలి ప్రోయుగ అను సంస్థ కూడ హెడ్‌సెట్ ధరించి బ్యాటు ఝళిపించి ఆడు ఐబీ క్రికెట్ అను ఆటను రూపొందించినది.

ఎదురగు అడ్డంకులు

మొదటిది దేహబాధ. బస్సులో పుస్తకము చదువువారికి కడుపులో త్రిప్పినట్లగుట అందరెరిగినదే. కన్ను ఒక తీరు చెప్ప, చెవిలోని తూకము తెలుపు అవయవము మరియొక తీరు చెప్పుటయే అందులకు కారణము. ఇచ్చటను అట్లే కొందరికి తలతిరుగుడు కలుగును. రెండవది బరువు. 2023లో వెలువడిన క్వెస్ట్ 3 అను హెడ్‌సెట్ 515 గ్రాములు తూగును. గంటల తరబడి మోయుట సులభము కాదు. మూడవది ప్రేక్షకుల కొరత. ఆటగాని కంటికి కనబడు దృశ్యము మాటిమాటికి ఊగుచుండుటచే, తెరపై చూచువారికి అది రుచింపదు. చూచువారు లేని క్రీడకు ఆదాయము లేదు.

పెద్ద సంస్థలకును దారి సుగమముగ లేదు. ఒలింపిక్ సంఘము ఇ-స్పోర్ట్స్‌కు ప్రత్యేక క్రీడోత్సవము జరుప 2024లో నిశ్చయించి, సౌదీ అరేబియాతో 12 సంవత్సరములకు ఒడంబడిక చేసికొన్నది. 2025 అక్టోబరులో ఉభయులును దానిని విరమించుకొనిరి.

క్రీడ వేరు, పందెము వేరు

కోడిపందెమును చెడుగుడు పోటీతో ఎవరును కలిపి చూడరు. తెరపై ఆడు ఆటలలో మాత్రము ఈ భేదము తేలికగా కన్పట్టదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ ఆటల శాసనము ఈ గీతను స్పష్టముగ గీచినది. ఇ-స్పోర్ట్స్‌ను అది క్రీడగా గుర్తించినది. ప్రవేశ రుసుము ఉండవచ్చును. గెలిచినవారికి బహుమానము ఉండవచ్చును. కాని డబ్బొడ్డి ఆడు ఆటలు నిషిద్ధములు. అట్టివి నడుపువారికి 3 సంవత్సరముల వరకు జైలుశిక్షయు, కోటి రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. హెడ్‌సెట్ పెట్టుకొన్నంత మాత్రమున పందెము క్రీడ కాజాలదు.

సభ్యులు విచారింపవలసినవి

ఇట్టి ఆటకేంద్రమును గూర్చి ఎవరైన అర్జీ తెచ్చినప్పుడు, సభ్యులు ఈ ప్రశ్నలు వేయుదురు గాక. ఆటలో ఎక్కడైనను డబ్బు ఒడ్డవలసి యున్నదా? ఆటకు యజమాని ఎవరు, అతడు రేపు మూసివేసినచో కొన్న సామగ్రి మరి దేనికి ఉపయోగించును? ఆడువారు గోడకు, బల్లకు తగులకుండ ఆరున్నర అడుగుల పొడవు, అంతే వెడల్పు గల ఖాళీ చోటు ఒక్కొక్కరికి కలదా? చిన్నపిల్లల విషయమున తల్లిదండ్రుల అనుమతి తీసికొనబడునా? అన్నిటికి మించి, ఈ కేంద్రము ఆటస్థలమునకు తోడుగ వచ్చుచున్నదా, బదులుగ వచ్చుచున్నదా?

కొత్త సాధనమును చూచి బెదరనక్కరలేదు. మురిసి ముందువెనుకలు చూడక చేపట్టనక్కరలేదు. మన యువకులు కల్పిత రంగమునను పేరు తెచ్చుకొందురు గాక. వారు ఆ హెడ్‌సెట్ తీసిన పిమ్మట పరుగిడుటకు ఊరిలో ఒక మైదానము మిగిలియుండునట్లు చూచుట మాత్రము పంచాయతీ బాధ్యత.